ఇంకా పూర్తికాని ఏసీ పుస్తకం

మా పైవాటాలో కొత్తగా దిగిన తమ్ముడికి ఒకే ఒక్క జబ్బు. ఏ వస్తువైనా సరే, దానితోపాటు వచ్చిన సూచనల పుస్తకాన్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా చదవనిదే దాని మీద వేలు వెయ్యడు. చదవడమంటే మనసులో కాదు, పక్కవాటాకు వినపడేలా. "ముందు చదవాలి, తర్వాత తిప్పాలి" అన్నది ఆయన మంత్రం. స్విచ్చు ఉన్న ప్రతి వస్తువూ ఆయనకు అప్పుడే పరిచయమైన పెద్దమనిషిలాంటిది. వివరాలు కనుక్కోకుండా భుజం మీద చెయ్యి వేస్తే మర్యాదేనా మరి?

తమ్ముడన్నానని తోడబుట్టినవాడనుకునేరు. ఈ మేడలో నాకంటే చిన్నవాళ్ళందరూ నాకు తమ్ముళ్ళూ మరదళ్ళూనే. ఈ తమ్ముడిది కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం. రోజంతా గోడ మీది అక్షరాలు జనం చేత చదివించడమే పని. ఇంటికొచ్చాక ఇక తన వంతు అనుకుంటాడు కాబోలు. వాళ్ళ సామాను దిగిన రోజునే నేను ఫ్లాస్కు నిండా కాఫీ పట్టుకుని పైకి వెళ్ళాను. సాయం చేద్దామని వచ్చానని వాళ్ళకు చెప్పాను. ఏమేం తెచ్చుకున్నారో చూద్దామని వెళ్ళానని మీకు చెబుతున్నాను.

ఆయన ఫ్లాస్కును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అక్కయ్యా, దీని పుస్తకం ఉందా?"

"ఫ్లాస్కుకి పుస్తకమేమిటి నాయనా? మూత తిప్పు, కాఫీ పొయ్యి."

"ఎటు తిప్పాలి?"

వెనక నుంచి మరదలు వచ్చి, మూత తీసి, కాఫీ పోసి, నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపులో వాళ్ళ కాపురం మొత్తం కనబడింది నాకు.

ఆ వారంలోనే బట్టలుతికే మిషను కొన్నారు. ఆయన కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుని పుస్తకం తెరిచాడు. మాసిన బట్టలు బకెట్లో నానుతున్నాయి. ఆయన భద్రతా సూచనల్లోనే ఉన్నాడు. "చదునైన నేల మీద ఉంచవలెను" అన్న చోట ఆగిపోయి, నేల చదునుగా ఉందో లేదో చూడ్డానికి గోళీ కోసం వీధంతా తిరిగాడు. చివరికి పుస్తకం ముగించి, "కానివ్వు, బట్టలు పట్రా!" అని కేకేశాడు.

"ఏ బట్టలండీ?" అంది మరదలు. "చేత్తో ఉతికాను, ఆరేశాను, మడతపెట్టి బీరువాలో కూడా పెట్టేశాను."

పాపం, ఆయన ఉత్సాహం చంపుకోలేక ఒంటి మీది చొక్కా విప్పి అందులో వేశాడు. ఆ ఒక్క చొక్కా గిరగిరా తిరుగుతుంటే బనీనుతో నిలబడి చప్పట్లు కొట్టాడు. "చూశారా అక్కయ్యా, పదహారో పేజీలో రాసినట్టే తిరుగుతోంది!" ఆ ముఖం చూస్తే ఎవరికైనా ఇంకో చొక్కా తెచ్చి వెయ్యాలనిపిస్తుంది.

లిఫ్టు సంగతి సరే సరి. లోపల ఒక నోటీసు ఉంది. మేమెవ్వరం దాన్ని ఏనాడూ చదివిన పాపాన పోలేదు. ఆయన ఎక్కి, మీట నొక్కకుండా చదవడం మొదలుపెట్టాడు. ఈలోగా పై అంతస్తులో ఉండే బ్యాంకు ఉద్యోగం అమ్మాయి పిలిస్తే లిఫ్టు పైకి పోయింది. కింద నుంచి నేను పిలిస్తే కిందికొచ్చింది. తలుపు తెరుచుకునేసరికి ఆ అమ్మాయి దిగింది, ఈయన దిగలేదు.

"తమ్ముడూ, ఎక్కడికి వెళ్ళాలి?"

"ఇంటికే అక్కయ్యా. ఇంకో రెండు వాక్యాలున్నాయి."

చెట్టూ పుట్టా విషయంలోనూ ఇదే వరస. కొత్త వీధి కదా, అడుగడుక్కీ ఆయనకు పండగే. ఆకును చూపిస్తే మొక్క పేరు చెప్పే విద్య ఏదో ఆయన ఫోనులో ఉంది. ఆకు కదలకూడదని దాని సూచనల్లో రాశారట. ప్రహరీ మీద పాకిన తీగ ముందు నిలబడి, గాలి ఎప్పుడు ఆగుతుందా అని చూస్తున్నాడు. అటుగా పోతున్న పాలాయన్ని ఆపి, "గాలికి కొంచెం చెయ్యి అడ్డం పెడతారా?" అని బతిమాలాడు. పాలాయన చెయ్యి పెట్టాడు. ఫోను బాగా ఆలోచించి, ఇది మొక్క కాదని తేల్చింది.

నా ఫోను కూడా ఆయన చేతుల్లో పడింది. నాది చిన్నబడితో ఆగిపోయిన చదువు. ఆ ఫోనులో నాకు తెలిసింది ఎత్తడం, పెట్టెయ్యడం. ఒక ఆదివారం కూర్చోబెట్టి అందులోని ప్రతి గడినీ పైకి చదివి వినిపించాడు. మోత ఎలా మార్చాలో నేర్పి, "ఏది కావాలి?" అన్నాడు. పిచ్చుకల కిచకిచ పెట్టించుకున్నాను. చదవడానికి ఇబ్బంది పడుతున్నానని గమనించి, నా కళ్ళు కూడా చూసి మంచి కళ్ళజోడు చేయించి పెట్టాడు. దాంతో వీధిలో నాకు తెలియని సంగతంటూ లేకుండా పోయింది.

ఒక్కటి తప్ప. అదే ఏసీ.

మా మేడ ఓనరు గారు వాళ్ళ పడగ్గదిలో కొత్త ఏసీ బిగించి ఇచ్చారు. చల్లటి రోజుల్లో బిగించింది కనుక ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఎండలు ముదిరాయి. నేల మీద కాలు పెడితే పెనం మీద పెట్టినట్టుంది. మేడలో అన్ని ఏసీలూ బుయ్యిమంటున్నాయి, వీళ్ళది తప్ప.

"ఏం తమ్ముడూ, ఏసీ వెయ్యవే?"

"పుస్తకం ఇంకా పూర్తి కాలేదక్కయ్యా."

ఆ పుస్తకం ఎంతనుకున్నారు? పెళ్ళి శుభలేఖ కంటే కాస్త లావు. మిషను పుస్తకం వారంలో ముగించిన మనిషి, దీన్ని నెల దాటినా చదువుతూనే ఉన్నాడు. అదీ మునుపటిలా పైకి కాదు, గుసగుసగా! మరదలేమో ముఖమంతా చెమటతో, విసనకర్రతో తిరుగుతోంది. అడిగితే, "ఆయన చదవనివ్వండి వదినగారూ" అంటుంది. ఆ ఫ్లాస్కు రోజున నా వైపు అలా చూసిన పిల్లేనా ఈ మాటంటోంది? పైగా పడగ్గది కిటికీకి ఎప్పుడూ తెర వేసే ఉంటుంది. నాకు అన్నం సయించలేదు. ఒక ఇంట్లో తెర వేసి ఉండడం, దాని వెనక ఏముందో నాకు తెలియకపోవడం! ఇలాగైతే నేనీ వీధిలో ఎందుకున్నట్టు?

ఒక మధ్యాహ్నం తెగించాను. ఎండు మిరపకాయలు అప్పు అడిగే వంకతో పైకి వెళ్ళి, మాటల్లోనే పడగ్గదిలోకి నడిచి, గోడకున్న రిమోటు అందుకున్నాను.

"ఇంత చిన్న మీటకి ఇంత చదువేమిటయ్యా? ఇదిగో, నేను నొక్కుతున్నా!"

"వద్దు!"

అంత గట్టిగా అరవగలడని ఆయనకే తెలిసి ఉండదు. నా చేతిలోంచి రిమోటు జారి మంచం మీద పడింది. ఆయన ముఖం తెల్లబోయింది. మరదలు పరుగున వచ్చి, "చెప్పెయ్యండి. వదినగారికి తెలియకుండా ఎన్నాళ్ళు దాస్తాం?" అంది.

ఆయన మెల్లగా తెర తొలగించాడు. కిటికీ బయట ఏసీ తాలూకు పెద్ద డబ్బా ఉంది. దాని జాలీ సందులోంచి గడ్డిపరకలు వేలాడుతున్నాయి. కళ్ళజోడు సర్దుకుని చూశాను. లోపలి ఫ్యాను రెక్క పక్కనే గూడు. అందులో ఈకలింకా సరిగ్గా రాని పిచ్చుక పిల్లలు, నోళ్ళు తెరుచుకుని!

"మీట నొక్కితే రెక్క తిరుగుతుందక్కయ్యా," అన్నాడు. "పుస్తకం నిజంగానే చదివాను. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో అందులో రాయలేదు."

"ఓనరు గారికి చెప్పకూడదూ?"

అడిగాక నాకే గుర్తొచ్చింది. మీటరు పెట్టె మీద పిట్టలు గూడు కడితే, రెట్టలు పడుతున్నాయని చీపురుకర్రతో తోసేసిన మనిషి ఆయన. నేను తెర మూసేశాను. "పుస్తకం ఇంకా పూర్తి కాలేదు తమ్ముడూ. నిదానంగా చదువుకో," అన్నాను. మిరపకాయలు మర్చిపోయి కిందికొచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే ఓనరు గారు ఏసీ మెకానిక్కును వెంటబెట్టుకుని మెట్లెక్కుతున్నారు. "అంత ఖరీదైనది బిగిస్తే వాడకపోవడమేమిటి? చెడిపోయిందేమో చూద్దాం. ఇవాళ వేసి చూపించాల్సిందే!" నేను చేస్తున్న పని వదిలేసి వాళ్ళకంటే ముందే పైకి చేరాను. ఆ వేగం నా మోకాళ్ళకు కూడా ఆశ్చర్యమే.

వాళ్ళు గదిలోకి వచ్చేసరికి నేను మంచం మీద పుస్తకం తెరుచుకుని కూర్చుని ఉన్నాను. తమ్ముడు గోడకు ఆనుకుని చెమటలు కక్కుతున్నాడు.

"వెయ్యండయ్యా ఏసీ," అన్నారు ఓనరు గారు.

"ఆగండి. ముందు చదవాలి, తర్వాత తిప్పాలి," అన్నాను. "హె... చ్చ... రి... క. హెచ్చరిక! మెకానిక్కు బాబూ, హెచ్చరిక పక్కన ఈ బొమ్మేమిటి? మెరుపా, వంకరపోయిన ఇనప మేకా?"

"మెరుపమ్మా. షాకు కొడుతుందని."

"ఎవరికి కొడుతుంది? ఓనరుకా, అద్దెకున్నవాళ్ళకా? ఉండు, రాసే ఉంటుంది. త... డి... చే..."

సరిగ్గా అప్పుడే తెర వెనక నుంచి కిచకిచ మొదలైంది. తల్లి మేత తెచ్చినట్టుంది, ఒకటే గోల. ఓనరు గారు చెవి రిక్కించారు.

"ఏమిటా చప్పుడు?"

"నా ఫోనండీ!" కొంగు చాటు నుంచి ఫోను తీసి చెవికి పెట్టుకున్నాను. "హలో! ఆఁ, ఆఁ, బాగున్నారా?"

కిచకిచ ఆగలేదు.

"ఫోను ఎత్తాక కూడా మోగుతోందేమిటమ్మా?"

"దీని పుస్తకం కూడా పూర్తిగా చదవలేదండీ," అన్నాను.

ఆయన విసుగ్గా కిటికీ దగ్గరకు వెళ్ళి సర్రున తెర లాగారు. మరదలు నా భుజం గట్టిగా పట్టుకుంది. ఓనరు గారు కళ్ళు చికిలించి బయటికి చూశారు. మీకు కళ్ళజోడు కావాలని తమ్ముడు చెప్పినప్పుడల్లా "నాకేం, రాయిలా ఉన్నాయి కళ్ళు" అనే మనిషి. కనబడిన అందరికీ కళ్ళజోడు పెట్టాలని చూసే తమ్ముడు, ఆ క్షణాన మాత్రం ఆయనకు అది లేనందుకు పొంగిపోయాడు.

"అక్కడ అదేదో చెత్తలా ఉందేమిటి?" అన్నారు ఓనరు గారు.

మెకానిక్కు ఆయన పక్కకు వెళ్ళి వంగి చూశాడు. తర్వాత తమ్ముడి వైపు చూశాడు, నా చేతిలోని పుస్తకం వైపు చూశాడు. ఇతనొక్క మాటంటే చాలు, చీపురుకర్ర పైకొస్తుంది.

మెకానిక్కు తెర జాగ్రత్తగా మూశాడు. "అది ప్యాకింగు గడ్డేనండీ. తొందరపడి లాగితే మెషిను పాడవుతుంది. వీళ్ళు చెప్పేది కరెక్టే. పుస్తకం పూర్తయ్యాకే వెయ్యాలి."

"నువ్వు కూడానా!" అన్నారు ఓనరు గారు. "మీకో దండం, మీ చదువుకో దండం!" అని దిగి వెళ్ళిపోయారు.

మెకానిక్కు సంచీ భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగాడు. "ఇంకెన్ని పేజీలున్నాయి సార్?"

"ఈకలు వస్తున్నాయి," అన్నాడు తమ్ముడు. "ఆఖరి అధ్యాయంలో ఉన్నాం."

పిల్లలు ఎగిరిపోయిన రోజున ఆయన మెట్ల మీద నిలబడి "పుస్తకం అయిపోయిందీ!" అని మేడంతా వినపడేలా కేకేశాడు. బ్యాంకు అమ్మాయి వచ్చింది, పాలాయన వచ్చాడు, కబురందుకుని మెకానిక్కు కూడా వచ్చి ఖాళీ గూడు తీసి పక్కన పెట్టాడు. గదిలో ఇసకేస్తే రాలనంత జనం, పొయ్యిలా ఉడుకు. తమ్ముడు తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఆఖరి పేజీలో ఆఖరి వాక్యం గొంతెత్తి చదివాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆయన రిమోటు ఎత్తాడు.

కిటికీ బయట తుర్రుమని చప్పుడైంది. తల్లి పిచ్చుక వచ్చి డబ్బా మీద వాలింది. దాని ముక్కున ఒక కొత్త గడ్డిపరక.

అందరం దాన్ని చూశాం. అది మమ్మల్ని చూసింది. చూసి, తన ఇంటికి తాను వెళుతున్నట్టు జాలీ సందులో దూరిపోయింది.

తమ్ముడు రిమోటు కింద పెట్టి, పుస్తకం మొదటి పేజీకి తిప్పాడు.

"అక్కయ్యా, ముందుమాట సరిగ్గా చదవలేదేమోనని నాకు అనుమానంగా ఉంది."

"నాకూ అలాగే ఉందయ్యా," అన్నాను.

మరదలు కిసుక్కున నవ్వి, లోపలికి వెళ్ళి ఒకటికి రెండు విసనకర్రలు తెచ్చింది. అంతలో కింద నుంచి ఓనరు గారి కేక వినబడింది. "ఏమయ్యా, వేశారా ఏసీ?"

తమ్ముడు నోరు తెరిచేలోపు పాలాయనతో సహా గదిలో ఉన్నవాళ్ళందరం ఒక్క గొంతుతో అరిచాం.

"ఇంకా చదువుతున్నాం!"