మూసిన ఫ్యాక్టరీలో చేసిన ఉద్యోగం

గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో నేను కెమిస్టుని. కెనడాలో స్థిరపడేందుకు పీఆర్‌కి దరఖాస్తు పెట్టాలన్న ఆలోచన నాదే. ముత్తంగి గోదాంలో సూపర్‌వైజరుగా చేసే మా ఆయన, "నువ్వు ముందల నడువు, నీ ఎనక నేనొస్త" అన్నాడు. ఇంగ్లిష్ పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. డిగ్రీ కాగితాలూ సరిపోయాయి. తీరా చందానగర్‌లో కన్సల్టెంటు ముందు కూర్చున్నాక, ఉద్యోగ వివరాల దగ్గర బండి ఆగింది.

"మధ్యలో ఎనిమిది నెలలు గ్యాప్ కనపడుతోంది మేడం. అప్పుడేం చేశారు?" అన్నాడు.

ఆ ఎనిమిది నెలలు మా ఫ్యాక్టరీ మూతపడింది. రసాయనాల నీళ్లు వాగులోకి వదులుతున్నారని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఫిర్యాదు చేస్తే మూసెయ్యమని కాలుష్య బోర్డు నుంచి ఉత్తర్వు వచ్చింది. అందరికీ జీతాలు ఆపేశారు. కానీ మందు ఎంతకాలం చెడకుండా ఉంటుందో తేల్చడానికి కొన్ని శాంపిళ్లను ల్యాబులో ఏళ్ల తరబడి దాచి ఉంచుతారు. వాటిని వేళకు తీసి పరీక్షించకపోతే అప్పటిదాకా చేసిందంతా వృథా. అందుకని మేనేజరు నన్ను రమ్మన్నాడు. వెనక గేటు నుంచి లోపలికి వెళ్లి పని చేసేదాన్ని. ఆటో ఖర్చులు చేతిలో పెట్టి, "తెరిచినంక అంతా చూద్దాం" అనేవాడు. తెరిచేసరికి యజమాని మారాడు, కంపెనీ పేరు మారింది. నేను కూర్చునే బల్ల అదే, కాగితం మీద మాత్రం కొత్తగా చేరిన మనిషిని.

కెనడావాళ్లు వయసుకూ చదువుకూ అనుభవానికీ పాయింట్లు వేసి, ఎక్కువ వచ్చినవాళ్లనే పిలుస్తారు. ఆ నెలలు కలిస్తే నా అనుభవం మూడేళ్లు నిండి పాయింట్లు పెరుగుతాయి. కలవకపోతే నిండేదాకా ఆగాలి. ఆగితే వయసు మీదపడి పాయింట్లు తగ్గుతాయి. "ఇటు వచ్చింది అటు పోతుంది మేడం" అని కన్సల్టెంటు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కావాలంటే వేరే కంపెనీ పేరుతో లెటర్ తెప్పిస్తానని కూడా అన్నాడు.

మర్నాడే హెచ్చార్ ఆఫీసరు దగ్గరికి వెళ్లాను. యజమాని మారినా ఆయన మారలేదు. గుంటూరు వైపు మనిషి, ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడతాడు.

"సార్, బంద్ ఉన్నప్పుడు నేను పని చేసిన గద. గదే ఒక లెటర్ల రాసియ్యండి."

"ఎట్లా ఇస్తానమ్మా? ఆ నెలల్లో లోపల ఎవరూ పని చెయ్యలేదని బోర్డుకు మనమే రాసిచ్చాం. ఇప్పుడు నువ్వు చేశావంటే కంపెనీ మెడకు చుట్టుకుంటుంది."

"చేసింది నిజమే గద సార్."

"నిజమే. గేటు తీయించింది నేనేగా. రాసి మాత్రం ఇవ్వలేను."

నేను తీసిన రిజల్టులతోనే ఆ మందు తర్వాత మార్కెట్లోకి వెళ్లింది. ఆ మాట నోటిదాకా వచ్చింది. అక్కడే ఉద్యోగం చేసుకోవాలి కాబట్టి మింగేశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "కన్సల్టెంటు ఏదో కంపెనీ లెటర్ తెప్పిస్తనన్నడు గద. తీస్కో. శానమంది గట్లనే జేస్తున్నరు" అన్నాడు.

"దొంగ లెటరని పట్టుకుంటే మళ్ల ఏండ్లదాక దరఖాస్తు పెట్టనియ్యరు. అయినా చేసిన పనికి లెటర్ లేదు, చెయ్యని పనికి దొరుకుతదా? ఏంది గిది?"

అన్నం సగంలో వదిలేసి లేచాను.

"రుజువు లేని పని పనే కాదు మేడం, ఖాళీ అనే పెడదాం" అన్నాడు కన్సల్టెంటు. ఆ ఎనిమిది నెలలూ నాకు ఉద్యోగం లేదని నా చేత్తోనే టైపు చేశాను. అబద్ధం వద్దనుకుని కూర్చున్నదాన్ని, చివరికి రాసింది మాత్రం నిజమా?

తర్వాత పిలుపులు చాలామందికి వచ్చాయి. ప్రతిసారీ నా పాయింట్లు కొద్దిలో తప్పిపోయాయి. మూడేళ్లు నిండేలోపు పుట్టినరోజు వచ్చి పెరగాల్సిన పాయింట్లను కొరుక్కుతింది. అలా చూస్తుండగానే, రెండేళ్లే చెల్లే ఇంగ్లిష్ మార్కులకు గడువు తీరిపోయింది.

మళ్లీ పరీక్షకు కట్టాను. మా ఇంట్లో సందడెక్కువని, ఆదివారాలు వెలిమెలలో మా ఆడబిడ్డ ఇంటికి వెళ్లి చదువుకుంటున్నాను. మొన్న ఆమె చాయ్ తెచ్చిచ్చి, "ఒకపారి పాసైనవ్ గద వదినా, మళ్ల ఎందుకు?" అని అడిగింది. "జెర తలుపు దగ్గరికెయ్యి" అని పుస్తకం తెరిచాను.