ఊరి పేరుకు రాసిన మందు

నిరుడు వానాకాలంలో మా పాపకూ, మార్కాపురంలో ఉండే మా అక్క కూతురికీ ఒకే వారం జలుబు చేసింది. ఇద్దరినీ చూసింది మార్కాపురంలో ఒకే డాక్టరు. అక్క కూతురికి ముక్కులో వేసే ఉప్పునీళ్ల చుక్కలు రాసి, అదే తగ్గిపోతుందన్నాడు. మాది నల్లమల కింద పల్లె అని తెలిసి మా పాపకు యాంటీబయాటిక్ రాసినాడు. అది తాగి పిల్లకు నాలుగు రోజులు విరేచనాలు.

మరుసటి నెల మళ్లీ జలుబు. ఈసారి అదే డాక్టరు ఊరడిగితే "మార్కాపురమే సార్" అన్నాను. ఆయన పాపను బాగా చూసి, "మామూలు జలుబే" అని చుక్కలు రాసినాడు.

చీటీ అందుకుంటుంటే ఐదేళ్ల నా కూతురు, "కాదు డాక్టర్ మామా, మాది కొండకింద పల్లె. పొద్దున్నే మా మేక ఈనింది" అనింది. నాకు తల కొట్టేసినట్లయింది. ఆయన చీటీ వెనక్కి తీసుకుని, "అంత దూరం నుంచి మళ్లీ మళ్లీ రాలేరు కదమ్మా" అంటూ యాంటీబయాటిక్ రాయబోయినాడు.

సిగ్గు పోయి కోపమొచ్చింది. "ఏంది సార్, మా ఊరి పేరు వినంగానే జలుబు ముదిరిందా?" అన్నాను. బయట వరసలో కూర్చున్నోళ్లు నవ్వినారు. ఆయన కలం మూసి, చుక్కల చీటీనే చేతికిచ్చినాడు.

పాపకు వారంలో తగ్గిపోయింది. అబద్ధమాడి దొరికిపోయినందుకు నాకు ఇప్పటికీ సిగ్గే. కానీ ఆరోజు తిరుగు బస్సులో నా కూతురు ఇట్లా అడిగింది.

"అమ్మా, ఈసారి జలుబు చేస్తే మనది ఏ ఊరని చెప్పాలి?"