డెడ్ స్టాక్ రిజిస్టర్‌లో నూట పదిహేను గొంతులు

మా కాలేజీ వారం రోజుల్లో డిజిటల్ అయిపోయింది. అప్పటికి రాష్ట్రం వచ్చి రెండేళ్లు దాటింది. నల్లగొండ పక్కన మాదొక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. పైనుంచి తనిఖీ బృందం వస్తుందని కబురు రాగానే ప్రిన్సిపాల్ సారు రీడింగ్ రూముకు అడ్డంగా ప్లైవుడ్ గోడ కట్టించాడు, లోపల నాలుగు కంప్యూటర్లు పెట్టించాడు, తలుపు మీద ‘డిజిటల్ లైబ్రరీ’ అని బోర్డు కొట్టించాడు. నాలుగింట్లో రెండే పనిచేసేవి. మిగతా రెండింటి మీద పువ్వుల గుడ్డ కప్పమన్నాడు. కప్పి ఉన్నదాన్ని ఎవరూ పాడైందనుకోరట, జాగ్రత్తగా చూసుకుంటున్నారనుకుంటారట.

నేను అక్కడ లైబ్రేరియన్ని. తనిఖీ ఫారంలో ‘ఎలక్ట్రానిక్ వనరులు ఎన్ని’ అని ఒక గడి ఉంటే ఉన్న మాట రాశాను. ఏడు. పుస్తకాల వెనక అట్ట జేబులో పెట్టి ఇచ్చే సీడీలు, అంతే. సారు ఆ ఏడును చూసి వేపాకు నమిలినట్టు మొహం పెట్టాడు.

“ఏడేందమ్మా? ఇంటర్నెట్ల ఉన్నయన్నీ మనయే గద. జర పెద్ద మనసుతోని రాయరాదూ.”

పెద్ద మనసుతో రాయడం లైబ్రరీ చదువులో నాకెవరూ నేర్పలేదు. ఒక వస్తువును జాబితాకెక్కించాలంటే అది మన దగ్గర ఉండాలి, అడిగిన మనిషి చేతిలో పెట్టగలగాలి. ఇంతకుమించి ఆ చదువులో ఏమీ లేదు. మిగతాదంతా గీతలు, చుక్కలు, కామాలు. ఈ మాట సారుతో అన్నాను కూడా. అప్పట్లో నాకు నోరు ఎక్కువే.

ఆ ఫారం బల్ల మీద ఉండగానే ఒక పెద్దాయన వచ్చారు. సర్కారు బడిలో ఉర్దూ పంతులుగా చేసి రిటైరైన మనిషి, పానగల్ పోయే తొవ్వలో ఇల్లు. ఊళ్లో అందరికీ ఆయన పెద్దసారే. ముప్పై ఏళ్లపాటు ఆదివారం వస్తే చాలు, సైకిల్ వెనక టేప్ రికార్డర్ కట్టుకుని పల్లెలకు పోయేవారు. కేతేపల్లి వైపు గొర్ల కాపరులు, నాట్లేసే ఆడవాళ్లు, బావులు తవ్వే ఒడ్డెరవాళ్లు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన ముసలివాళ్లు, ఎవరు మాట్లాడితే వాళ్ల గొంతు టేపులో పట్టుకొచ్చారు. ఆ క్యాసెట్లన్నిటినీ వాళ్ల తమ్ముడి కొడుకు కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక హార్డ్ డిస్క్‌లో పోసి ఇచ్చాడు. సబ్బుపెట్టె అంత నల్ల డబ్బా. దాన్ని చేతిరుమాలులో చుట్టి తెచ్చి నా ముందు పెట్టారు.

“ఇంట్ల ఉంటే నాతోనే పోతది బేటా. ఈడుంటే ఉంటది. నాకు ఒక్కటే మాటియ్యి. ఎవరన్నా వచ్చి ఫలానా ఊరు, ఫలానా మనిషి అని అడిగితే, గా మనిషి గొంతు ఇనిపియ్యాలె.”

వినిపిస్తానని మాటిచ్చాను. చేతిలో చెయ్యేసి మరీ ఇచ్చాను.

డబ్బాను కంప్యూటర్‌కు తగిలించి చూస్తే నూట పదిహేను ఫైళ్లు. ఒక్కదానికీ పేరు లేదు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు, అంతే. పుస్తకమైతే అట్ట తిప్పగానే తానెవరో చెప్పుకుంటుంది. ఈ డబ్బా మూగది. ఏ అంకె ఎవరి గొంతో పెద్దసారు నోటు పుస్తకంలో ఉంది, అదంతా ఉర్దూలో ఉంది. నాకు ఉర్దూ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అందుకని మధ్యాహ్నం నమాజ్ అయ్యాక ఆయన వచ్చి నా పక్కన కూర్చుని చదివేవారు, నేను తెలుగులో రాసుకునేదాన్ని. గొంతుకొక కార్డు. పేరు, ఊరు, ఎన్ని నిమిషాలు, అందులో ఏమున్నది. ఇట్లాంటి వాటికి ఒక లైను అదనంగా రాయాలి, వినాలంటే ఏ యంత్రం కావాలో. అది కూడా రాశాను, నూట పదిహేను సార్లు.

ఒక కార్డు మీద ముందు ‘గొర్ల కాపరి’ అని రాసి తర్వాత పేరు రాస్తే ఆయన ఒప్పుకోలేదు.

“పని ఊరందరికి ఉంటది బేటా. పేరు ఒక్కనిదే. పేరు మొదలు రాయి.”

కార్డు చించి మళ్లీ రాశాను. ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులూ నేను చేసిన పని మీద నాకు ఎంత గర్వమో చెప్పలేను. మా జిల్లాలో అట్లాంటి జాబితా ఇంకెవరి దగ్గరా లేదని మనసులో చంకలు గుద్దుకున్నాను.

ఈ జాబితాను కంప్యూటర్‌లోకి ఎందుకు ఎక్కించలేదంటే, మా సాఫ్ట్‌వేర్ పుస్తకాల రిజిస్టర్ నంబరు లేనిదే ఏదీ లోపలికి రానియ్యదు. ఆ నంబరు ఇవ్వాల్సింది ఆఫీసు సూపరింటెండెంట్. డబ్బా పట్టుకుని ఆయన దగ్గరికి పోయాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“దీనికి పేజీలెన్ని?”

“పేజీలుండవు సార్.”

“రాసినాయన ఎవరు?”

“రాయలేదు, మాట్లాడిన్రు. నూట పదిహేను మంది.”

“పేజీల్లేవు, రాసినోడు లేడు. దీన్ని పుస్తకాల రిజిస్టర్ల ఎక్కిస్తే ఆడిట్ల నా మెడకు సుట్టుకుంటది. వైరున్నది గద? వైరున్నదంటే డెడ్ స్టాక్.”

డెడ్ స్టాక్ రిజిస్టర్ అంటే కుర్చీలు, బల్లలు, ఫ్యాన్లు, గంట కొట్టే ఇనుప ముక్క రాసుకునే పుస్తకం. మా ఆఫీసులో ఇదొక రాయని చట్టం. చదివేది ఒక రిజిస్టరు, వైరున్నది ఇంకో రిజిస్టరు. వైరున్న దాంట్లో కూడా మనుషులుంటారని రెండు రోజులు వాదించాను. మూడో రోజు ఆయన నా వైపు చూడకుండానే, “మీ కాంట్రాక్టు వచ్చే నెల మళ్ల రాయాలె గదమ్మా,” అన్నాడు. అంతే, నా నోరు పడిపోయింది. ఆరు సీలింగ్ ఫ్యాన్ల కింది వరుసలో ‘హార్డ్ డిస్క్, నలుపు, ఒకటి’ అని రాసి రిజిస్టరు నా వైపు తిప్పాడు. సంతకం పెట్టాను.

తమాషా ఏమిటంటే, తనిఖీ ఫారంలో ప్రిన్సిపాల్ సారు నా ఏడును కొట్టేసి నూట ఇరవై రెండు అని రాశాడు. ఫారంలో నూట పదిహేను వనరులైన డబ్బా రిజిస్టరులో ఒక నల్ల వస్తువు. బృందం వచ్చింది, చాయ్ తాగింది, నా కార్డుల సొరుగు లాగి చూసి శభాష్ అన్నది, పోయింది. ఆ దసరాకు ఆయుధపూజలో ఆఫీసువాళ్లు బోరు మోటారుకు, జిరాక్స్ మిషనుకు, కాలేజీ బస్సుకు బొట్టు పెట్టి, మా డబ్బాకూ పెట్టారు. పూజకు పనికొచ్చింది, పుస్తకాల రిజిస్టరుకే పనికి రాలేదు.

తర్వాత ఏడాది మా యాజమాన్యమే నన్ను పాలమూరులో ఉన్న ఇంకో కాలేజీకి పంపింది. పోయేముందు డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఆఫీసులో ఇచ్చి, కాగితం రాయించుకున్నాను. ఒక కాపీ తీసి నా దగ్గర పెట్టుకోవాలని తోచలేదా అని మీరడగొచ్చు. తోచింది. అప్పటికి వైరస్ భయంతో ఆఫీసు పెన్‌డ్రైవ్‌లు పెట్టనివ్వడం మానేసింది. అడిగితే మళ్లీ కాంట్రాక్టు ముచ్చట వస్తుందని నేనే ఊరుకున్నాను. తప్పు ఎవరి మీద వేసినా చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతుంది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు పెద్దసారు పోయారు. పాలమూరులో ఉండి ఫోన్‌లో విన్నాను. పోయి చూసే దినాలు కావవి.

ఏడేళ్లకు మళ్లీ నల్లగొండ కాలేజీకే వచ్చిన రోజు, బ్యాగు కింద పెట్టకముందే బీరువా తెరిచాను. డబ్బా లేదు. కార్డుల సొరుగు మాత్రం దుమ్ము పట్టి, ఒక్క కార్డూ కదలకుండా ఉంది. సూపరింటెండెంట్ డెడ్ స్టాక్ రిజిస్టరు తీసి చూపించాడు. ఆ పేజీకి అడ్డంగా ఎర్ర గీత. కింద ‘కాలం చెల్లిన ఎలక్ట్రానిక్ సామాను, తొలగించడమైనది’ అని రాసి మూడు సంతకాలు. పాడైన మానిటర్లు, బ్యాటరీలు, ఆరు ఫ్యాన్లు, వాటితోపాటు మా డబ్బా. ట్రాలీ ఆటోలో నార్కట్‌పల్లికి పోయాయట.

“అది పాడు కాలేదు గద సార్!”

“ఐదేండ్లు దాటిన వైరు సామానంత తీసెయ్యమన్నరు. రిజిస్టర్ల గట్లనే ఉన్నది. సంతకం మీదే గదమ్మా.”

ఆయన ఎగతాళికి అనలేదు. ఉన్న మాటే అన్నాడు. అందుకే అది ఇంకా మంటగా తగిలింది.

ఆదివారం బస్సెక్కి నార్కట్‌పల్లి పోయాను. హైవే పక్కన పాత సామాను దుకాణం. యజమాని మంచోడే, కుర్చీ వేశాడు. సంగతంతా విని తల అడ్డంగా ఊపాడు.

“రెండేండ్లాయె మేడం. ఇనుము ఇనుముకు పాయె, పిలాస్టిక్ పిలాస్టిక్‌కు పాయె. ఇగ ఏడ దేవులాడుతరు?”

పెద్దసారు ఇంటికి కూడా పోయాను. తమ్ముడి కొడుకు నన్ను చూసి సంతోషపడ్డాడు. క్యాసెట్లకు బూజు పట్టిందని ఎప్పుడో పారేశారట, వాటిని ఎక్కించిన కంప్యూటర్ కూడా ఎప్పుడో చెడిపోయిందట. “కాలేజీల భద్రంగ ఉన్నయి గద అని బేఫికర్‌గ ఉన్నం మేడం,” అన్నాడు. నేను చాయ్ తాగి వచ్చేశాను. అతనికి చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేదు.

పోయిన ఎండాకాలం ఒక ఆడమనిషి లైబ్రరీకి వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. కేతేపల్లి అవతల ఊరు, గొర్లు కాసుకునే కుటుంబం. గుమ్మం బయట చెప్పులు విడిచి, బోర్డు వైపు చూసుకుంటూ లోపలికి వచ్చింది.

“అమ్మా, గొంతులు ఉండేది ఈడనేనా? నేను సిన్నగున్నప్పుడు తురకసారు ఒకాయన సైకిల్ మీద వచ్చి మా నాయిన మాట పట్టుకపోయిండు. అది ఈ కాలేజీల పెట్టిన్రంట. మా నాయినది ఫోటో సుత లేదు. ఒక్కసారి ఇందామని వచ్చిన.”

పేరు, ఊరు చెప్పింది. కార్డు వెతకడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. అంత బాగా చేశాను ఆ పని. పేరు మొదలు, ఊరు తర్వాత. చేతిలోకి తీసుకుని, ఏం చెయ్యాలో తెలియక, ఉన్నది ఉన్నట్టు చదివాను. “పదకొండు నిమిషాలు. గొర్లను పిలిచే కూతలు, నాలుగు రకాలు. తప్పిపోయిన గొర్రె దొరికిన ముచ్చట. మధ్యలో నవ్వు.”

“నవ్విండా?” అన్నది ఆమె.

“అట్లనే రాసి ఉన్నదమ్మా.”

“మా నాయిన నవ్వంగ నేను ఎన్నడు సూడలే. మా అమ్మ పోయినంక ఆయన నవ్వనే లేదు.” కొంగుతో మొహం తుడుచుకుని, కుర్చీలో సర్దుకుని కూర్చుంది. “పెట్టమ్మా, ఇంట. సాయంత్రం బస్సుదాక ఉంట.”

చెప్పాల్సి వచ్చింది. ఫ్యాన్ల సంగతి, ఎర్ర గీత సంగతి, నా సంతకం సంగతి, అన్నీ చెప్పాను. ఆమె తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. రిజిస్టర్లంటే ఆమెకు తెలియదు. పోయింది అన్నంతవరకే అర్థమైంది. కార్డు వైపు చూసి, తర్వాత నా మొహంలోకి చూసింది.

“పోతే పోయింది. నువ్వు ఇన్నవు గద. ఎట్ల నవ్విండో జర చెప్పరాదూ?”

నేను వినలేదు. జాబితా రాసేవాళ్లం పుస్తకాలు చదవం, పేరున్న పేజీ చూసి రాసుకుని పక్కన పెడతాం. చదువుతూ కూర్చుంటే పని సాగదని మాకు మొదటి నుంచీ అలవాటు చేస్తారు. ఆ అలవాటుతోనే నిమిషాలు తెర మీద చూసి రాశాను, మిగతాది పెద్దసారు చదివితే రాశాను. ఫైళ్లు తెరుచుకుంటున్నాయా అని ఒకటి రెండు నొక్కి చూసి వెంటనే ఆపేశాను. ఇరవై రోజులు ఆ డబ్బా నా మోచేతి పక్కన ఉంది. నూట పదిహేను మందిలో ఒక్కరి మాట కూడా చివరిదాకా వినలేదు. నా మీద నాకు అంత అసహ్యం అంతకుముందు ఎన్నడూ పుట్టలేదు.

“నేను ఇనలేదమ్మా,” అన్నాను.

ఆమెకు నమ్మకం కలగలేదు. కార్డు మీద నా చేతిరాతను వేలితో తాకింది.

“ఇనకుంటనే రాసినవా?”

అవునన్నాను.