చెప్పి తిప్పమన్న చాచా

చాచా పోయిన సంగతి నాకు గేటు దగ్గర తెలిసింది. అప్పుడే విమానం దిగిన ఒక ముసలమ్మను వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టి ఆమె సంచిని ఒళ్లో పెడుతున్నాను. మధ్యాహ్నం మూడు దాటింది. ఫోన్‌లో మా షిఫ్ట్ గ్రూపు మోగింది. "చాచా పొద్దున పోయారు. సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత మట్టి." ఆ కింద వరసగా దండం పెట్టే బొమ్మలు. ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. ముసలమ్మ తల తిప్పి చూస్తోంది. "కదులుతున్నామమ్మా" అని చెప్పి తోశాను.

అలా చెప్పి తోయడం నేర్పింది ఆయనే.

నాకు చుట్టం కాదు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో నడవలేని ప్రయాణికులను వీల్‌చెయిర్లలో తీసుకెళ్లే ఏజెన్సీలో పాత సూపర్‌వైజర్. అందరికీ చాచా. నేను ఇంటర్ తప్పి బడంగ్‌పేట్ నుంచి వచ్చి చేరినదాన్ని. బోర్డులు చదివి, అనౌన్స్‌మెంట్లు విని ఇంగ్లిష్ నేర్చుకున్నాను. చకచకా పని చేస్తానని రెండేళ్లకే టీమ్ లీడర్ని చేశారు. చేయడం వేరు, చేయించడం వేరని ఎవరూ చెప్పలేదు. నాకు వచ్చింది అరవడమే. మూడు నెలలకు నా పన్నెండు మందిలో నలుగురు "ఈమె కింద చెయ్యం" అని రాసిచ్చారు. మేనేజర్ పిలిచి లీడర్ పని తీసేస్తానన్నాడు. ఆ నలుగురి నవ్వుల మధ్య మళ్లీ కుర్చీ తోయడం కంటే మానేయడమే నయమనుకున్నాను.

చాచా అక్కడే ఉన్నాడు. "సాబ్, ఒక్క నెల ఈ పిల్లను నాకియ్యుండ్రి" అన్నాడు.

మా పెద్ద సార్లకు ఒక్కొక్కరికి ఒక్కో కోచ్ వస్తాడు. అద్దాల గది, ఎదురెదురు కుర్చీలు, తలుపు మీద "లోపలికి రావద్దు" అని కాగితం. వాళ్లు ఎదగాలి కదా! మమ్మల్ని మాత్రం ఏడాదికోసారి ఒక హాల్లో కుక్కి తెర మీద బొమ్మలు చూపిస్తారు. ఆవలింతలు దాచుకుని బయటికి వస్తాం. మాలాంటి వాళ్లకు కూడా మనిషికో మనిషి కావాలని ఆ అద్దాల గదిలో ఎవరికీ తట్టలేదు. చాచాకు తట్టింది.

షిఫ్ట్ మారే వేళకు ఖాళీ కుర్చీలను కింది అంతస్తు దారిలో తిరిగి తెచ్చి పెట్టాలి. ఆ దారిలో ప్రయాణికులు రారు. మొదటి రోజు ఆయన ఒక కుర్చీ చూపించి, "కూసో బేటా" అన్నాడు.

"నేనెందుకు చాచా? నా కాళ్లు మంచిగనే ఉన్నయి."

"కాళ్లు మంచిగున్నయి. నోరే బాలేదు. కూసో."

కూర్చున్నాను. వెనక నిలబడి తోశాడు. మలుపు దగ్గర చెప్పాపెట్టకుండా గిర్రున తిప్పాడు. ర్యాంప్ మీద దబ్బున దించాడు. కుర్చీ పట్టుకుని కేక పెట్టాను.

"చాచా! ముందుగల్ల చెప్పొద్దా?"

ఆయన ఆగాడు. "పొద్దుగాల నీ జట్టుల బాలాపూర్ అక్కను ఈ కొస గేటు నుంచి ఆ కొస గేటుకు మార్చినవ్ గదా. ముందుగల్ల చెప్పినవా?"

మళ్లీ తోస్తూ అన్నాడు.

"చెప్పి తిప్పు బేటా. కుర్చీనైనా, మనిషినైనా."

నెలంతా రోజూ పది నిమిషాలు నేను కూర్చోవడం, ఆయన తోయడం, వెనక నుంచి ప్రశ్నలు. సలహా అడిగితే మాత్రం ఇవ్వడు.

"నువ్వేం జేద్దామనుకుంటున్నవ్?"

"అది తెలిస్తే నిన్నెందుకు అడుగుత చాచా?"

"నీ జట్టు నాకు తెల్వదు. నీకే తెలుసు. తెల్వకుంటే పోయి అడుగు, పరేషాన్ ఎందుకు?"

ఎదురుగా కూర్చుని మాట్లాడొచ్చు కదా అని ఒకసారి విసుక్కున్నాను. "నా ముఖం జూస్తే జవాబు నా ముఖంల ఎతుకుతవ్" అన్నాడు.

బాలాపూర్ అక్క రోజూ పది నిమిషాలు ఆలస్యం. రోజూ ప్రయాణికుల ముందే తిట్టేదాన్ని. "ఎందుకు లేటైతుందంట?" అన్నాడు చాచా. తెలియదన్నాను. "మూణ్ణెల్లు తిట్టినవ్. ఒక్కనాడు అడగలే?" మర్నాడు అడిగాను. రెండు బస్సులు మారాలట, మొదటిది కాస్త ఆలస్యమైతే రెండోది వెళ్లిపోతుందట. ఇంకొకామెతో మాట్లాడి ఇద్దరి డ్యూటీ వేళలు మార్చాను. అంతే! దీనికి మూడు నెలలు గొంతు చించుకున్నాను.

ఆయన మెడలోని ఐడీ కార్డు తాడుకు ఎప్పుడూ ఒక పిన్నీసు ఉండేది. కుర్చీ ముందు చక్రాల్లో వెంట్రుకలు, దారాలు చుట్టుకుంటాయి. వంగి పిన్నీసుతో ఒక్కొక్కటే లాగేవాడు. "చక్రం మొరాయిస్తే అందరు బలం పెడ్తరు. పని తెల్సినోడు వంగి జూస్తడు" అనేవాడు.

నెలాఖరుకు నలుగురిలో ముగ్గురు కాగితం వెనక్కి తీసుకున్నారు. నాలుగో ఆమె వేరే జట్టుకు వెళ్లిపోయింది. "మంచిదే. ఆమె యాదికుంటే నువ్వు సక్కగుంటవ్" అన్నాడు చాచా.

ఆ తర్వాత కూడా వారానికోసారి కూర్చోబెట్టి తోసేవాడు. చివరి రెండు నెలల్లో ఒక కొత్త అలవాటు వచ్చింది. ప్రశ్న వేసి, ర్యాంప్ మధ్యలో కుర్చీ ఆపేసేవాడు. చాలాసేపు మాట ఉండేది కాదు.

"ఎందుకు ఆగినవ్ చాచా?"

"నువ్వు సోచాయించుకో. జల్దీ లేదు."

నేను ముందుకు చూస్తూ ఆలోచించుకునేదాన్ని. ఇది కూడా నేర్పే పద్ధతే అనుకున్నాను.

చాచా పోయిన రోజు, ఆ మెసేజ్ చూశాక, జట్టును పిలిచి మట్టికి వెళ్లాలని చెప్పాను. ఇంకా రెండు విమానాలు రావాలి. ఎవరు ఏ గేటుకు పోవాలో ఒక్కొక్కరికీ విడమరచి చెబుతూ ఉండిపోయాను. చెప్పకుండా వెళ్తే ఆయన ఊరుకోడు కదా. చివరికి బాలాపూర్ అక్కే నన్ను బయటికి నెట్టింది. "పో చెల్లె, మాకు ఎర్కే. మేం జూస్కుంటం."

ఆటో దొరికి శంషాబాద్‌లో చాచా వాళ్ల గల్లీకి చేరేసరికి ఆయన్ను మోసుకుని జనాజా వెళ్లిపోయింది. ఇంట్లో ఆడవాళ్లే ఉన్నారు. తలుపు దగ్గర నిలబడ్డ నా యూనిఫాం చూసి చాచా భార్య, చాచీ, దగ్గరికి వచ్చింది.

"ఆ గుస్సా పిల్లవు నువ్వేనా? ఇంట్ల రోజు నీ ముచ్చటే." నా చెయ్యి వదలకుండా అంది. "రెండు నెలల సంది ఛాతి నొప్పి బేటా. ర్యాంప్ ఎక్కుతుంటే దమ్మొస్తున్నదన్నడు. దవాఖానకు పోదామంటే రేపు, రేపు."

ర్యాంప్ మధ్యలో ఆగిన కుర్చీ గుర్తొచ్చింది.

ఆయన ఆగింది ఊపిరి అందక. నేను కాలు మీద కాలేసుకుని కూర్చుని ఆలోచించుకుంటున్నాను. ఒక్కసారి తల తిప్పితే ముఖం కనిపించేది. ఎందుకు లేటైతుందని అడగడం నేర్చుకున్నదాన్ని, ఎందుకు ఆగావని అడిగి, మొదటి జవాబుకే ఊరుకున్నాను. నా మీద నాకు మండిపోతోంది. ఆయన మీద కూడా. చెప్పి తిప్పమన్న మనిషి, తన మలుపు ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మీలో ఎవరైనా ఈ ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ ఎక్కితే, మలుపుకు ముందు "తిప్పుతున్నామండీ" అని వెనక నుంచి వినబడవచ్చు. అది చాచా మాట.

నిన్న షిఫ్ట్ దిగాక ఒక ఖాళీ కుర్చీ తోసుకుంటూ కింది దారిలో వచ్చాను. ముందు చక్రం ఎడమకు లాగుతోంది. వంగి చూసి, చుట్టుకున్న దారం గోటితో లాగేశాను. ర్యాంప్ మధ్యలో ఆయన ఆగే చోటు వచ్చింది. ఆగాను. ఎవరూ ఏమీ అడగలేదు. మళ్లీ తోశాను. మలుపు దగ్గర నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"తిప్పుతున్న చాచా" అన్నాను ఖాళీ కుర్చీతో. మెల్లగా తిప్పాను.