ఖిచిడీలో ఏమేం వేశారు

మేము మాంసాహారులమన్న మాట వారానికి ఒక్కరోజే నిజం. మిగతా ఆరు రోజులూ అన్నం, పచ్చిపులుసు, పప్పు. నెలాఖరుకు ఆ పప్పులో నీళ్లదే పెత్తనం. అయినా ఆ ఒక్కరోజు బలంతోనే సూరత్‌లో సాంచాలు నడుపుతున్నానని మా బాపు నమ్మకం. సాంచాలంటే కరెంటు మగ్గాలు. పన్నెండు గంటలు వాటి మధ్య నిలబడి ఇంటికొచ్చే మనిషితో నమ్మకాల గురించి వాదించకూడదు.

ఆ ఒక్కరోజు భోజనం కూడా మా ఇంట్లో కాదు. మేం మేడ మీద రెండు గదుల్లో అద్దెకుండేవాళ్లం. కింద ఇంటి యజమాని, ఆయన భార్య. ఆయన కతర్‌గామ్‌లో వజ్రాలు సానబట్టి, చూపు మందగించాక పని మానేసిన పెద్దమనిషి. మాకు ఆయన కాకా, ఆమె కాకీ. ఇల్లు ఇచ్చేటప్పుడే కాకా ఒక షరతు పెట్టాడు: గడప లోపలికి మాంసం రాకూడదు, గుడ్డు రాకూడదు. అందుకని ఆదివారం బాపు లింబాయత్‌లో తోటి సాంచాలవాళ్ల గదికి పోయి, మేకకూర తిని, సోంపు నములుకుంటూ వచ్చేవాడు. వచ్చి మెట్ల దగ్గర దొరికిపోయేవాడు.

"ఈ ఆదివారం ఎవరి బిడ్డను తిని వచ్చావు?" అనేవాడు కాకా, పల్లీలు ఒలుచుకుంటూ.

"మేకను కాకా. దానికింక లగ్గం గాలె, పిల్లల్లేరు. ఎడ్శెటోళ్లు ఎవలూ లేరు."

ఆయనది గుజరాతీ, బాపుది తెలుగు కలిసిన హిందీ. నడుమ దుబాసీని నేను. ఇద్దరి మాటలకూ కాస్త కారం కలిపి అందించేవాణ్ణి. కాకా మాటల్ని ఇక్కడ మన భాషలోకి దించి రాస్తున్నాను.

కాకా దగ్గర బలమైన సాక్షి ఏనుగు. "అంత ఒళ్లు గడ్డి తినే కదా వచ్చింది?"

"ఏనుగు దినమంతా తింటనే ఉంటది కాకా. నాకు సేటు అరగంటే ఇస్తడు. అరగంటల గడ్డి తిని సాంచాలు నడుపుమను ఏనుగును, నేను గూడ జూస్త."

ఇంతకంటే మంచి వాదన నేను తర్వాత ఏ డాక్టరు నోటా వినలేదు. కొంచెంలో ఎక్కువ సత్తువ కావాలంటే మాంసం, తినడానికి తీరిక ఉంటే పప్పులు. పదేళ్ల చర్చ మొత్తం ఇంతే.

శరీరాలు మాత్రం ఇద్దరికీ ఎదురు సాక్ష్యం చెప్పాయి. కాకాకు అరికాళ్లు తిమ్మిరెక్కేవి. బి12 తక్కువైంది, అది కూరగాయల్లో దొరకదని గల్లీ డాక్టరు సూదులు రాశాడు. నోట్లోంచి పోనిది తిండి కిందికి రాదని కాకా తనకు తానే తీర్పు చెప్పుకుని పొడిపించుకున్నాడు. ఆ నెలలోనే బాపు కాలి బొటనవేలు ఉల్లిగడ్డలా వాచింది. అదే డాక్టరు యూరిక్ యాసిడ్ పెరిగిందని, కార్జం, బోటీ బంద్ చెయ్యమన్నాడు. "ఆ డాక్టరు కాకా పార్టీ" అన్నాడు బాపు.

ఈ పంచాయితీలో ఎవరూ పిలవని సాక్షులు ఇద్దరున్నారు. అమ్మకు ఆదివారం కూర కూడా లేదు. లింబాయత్ గదికి ఆడవాళ్లు పోరు కదా. రక్తం తక్కువని ఆమె ఐరన్ గోళీలు మింగేది. కింద కాకీ, కాకా తినే సజ్జరొట్టె మీద నెయ్యి పోసి, ఆఖరి రొట్టె తాను ఉత్తదే తినేది. ఒకటి మాంసాహారుల ఇల్లు, ఒకటి శాకాహారుల ఇల్లు. రెండిళ్ల ఆడవాళ్లూ తినేది ఒకటే: మిగిలింది.

కరోనా వచ్చాక మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగాయి, మాంసం దుకాణాలు మూతబడ్డాయి. బాపు నెలల తరబడి పప్పు మీదే బతికాడు. కాకా రోజూ మెట్టు మీంచి చూసి, "ఇంకా నడుస్తున్నావే!" అని ఆశ్చర్యపడేవాడు.

రెండో ఏడు ఎండాకాలంలో ఆ జబ్బు మా ఇంటికే వచ్చింది. ముందు బాపుకు. వాసన పోయింది, రుచి పోయింది. "మేకైనా మట్టైనా ఒక్కటే" అన్నాడు. నాకు భయమేసింది, ఎందుకంటే అది ఆయన వాదించడం మానేసిన మొదటి రోజు. కాకీ రోజూ పెసరకట్టు కాచి మెట్ల మీద పెట్టేది. బాపు అది తాగి లేచాడు. బాపు లేచేసరికి కాకా పడ్డాడు.

ఆసుపత్రి నుంచి కాకాను తిరిగి పంపారు గానీ, ఆయన్ని అక్కడే ఉంచుకుని ఆయనలాంటి ఇంకొకరిని పంపినట్టుంది. పాలపొడి కలిపిస్తే కక్కేవాడు. రెండు చెంచాల ఖిచిడీ, అంతే. డాక్టరు ఫోన్లో చెప్పాడు: కండ కరిగిపోతోంది, ప్రొటీన్ పడాలి, గుడ్డు తెల్లసొన అయితే తేలిక, లేదంటే పనీర్, పెసరపప్పు, నూరిన పల్లీలు, ఏదైనా కొంచెం కొంచెంగా పెట్టండి. ఇంత చెబితే కాకీకి వినబడింది ఒకటే మాట, గుడ్డు.

మోకాళ్ల నొప్పులతో ఏళ్లుగా మెట్లెక్కని మనిషి ఆ పొద్దున పైకొచ్చింది. మాస్కు మీదుగా చెంగు లాక్కుని అడిగింది. "బేటా, ఒక గుడ్డు తెచ్చిపెడతావా?"

నా వెనక ఇంకెవరన్నా ఉన్నారేమోనని తిరిగి చూశాను.

"ఆయనకు వాసన తెలీదు, రుచి తెలీదు. ఖిచిడీ నేను పైకి పంపుతాను. మీ అమ్మ అందులో కలిపి ఇస్తే చాలు. పాపం నా లెక్కలో వేసుకుంటాను."

సగం దించిన షట్టర్ కిందినుంచి గుడ్డు కొని, హెల్మెట్‌లో దాచి తెచ్చాను. అమ్మ మూడు అగరువత్తులు వెలిగించి ఉడకబెట్టింది. ఆ ఇంట్లో గుడ్డు ఉడకడం అదే మొదలు, అదీ దేవుడి పొగలో. బాపుకు వాసన రాదు గానీ పొగ కనబడింది.

"ఏంది, ఎవలన్న పోయిండ్రా?" అని లేచి వచ్చి, అమ్మ చేతిలో ఒలిచిన గుడ్డు చూశాడు. సంగతి చెప్పాం.

"ఆయనకు తెల్వకుంట పెడ్తరా?"

"బతుకుతడేమో బాపూ."

"బతికినంక నేను ఆయన ముంగట మెట్టు మీద కూసోవాలె గదరా. పదేండ్ల సంది కొట్లాడుతున్న. కండ్లు మూసుకున్నోని నోట్ల కుక్కి గెలుసుడేందిరా?"

"కాకీ అడిగింది. ఆమెకేం జెప్తవ్?" అంది అమ్మ.

బాపు కిందికి దిగాడు. వెనకే నేను. కాకీ పెరట్లో బట్టలుతుకుతోంది. బాపు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కాకా, జర ఒక గుడ్డు తిను. ఎవలికీ జెప్ప."

కాకా కళ్లు తెరిచాడు. "నువ్వు మేకను మానేస్తావా?"

"ఇయ్యాల్నే మానేస్త."

కాకా ఊపిరి కూడదీసుకున్నాడు. "చూశావా. నువ్వు మానేస్తానన్నావు. నేను తిననంటున్నాను. ఇద్దరిలో ఎవరు గట్టి?" నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. ఆ మాటను నేను తెలుగు చేయలేదు. బాపుకు అర్థమైంది.

ఆయన తిననన్నాడని పైకొచ్చి అమ్మకు చెప్పాం. పల్లీలు వేయించి పొట్టు తీసి మెత్తగా నూరింది. పనీర్ చిదిమి కలిపింది. ఖిచిడీలో అది అచ్చం గుడ్డు తునకల్లాగే కనబడింది. "కాకీని గుడ్డే అనుకోనీ" అంది. ఒలిచిన గుడ్డును రెండు ముక్కలు చేసి, ఉప్పు అద్దుకుని, నిలబడే తినేసింది. షరతు సంగతి ఎవరూ ఎత్తలేదు. బాపు గోడవైపు తిరిగాడు.

తొమ్మిది రోజులు ఆ గిన్నె మెట్లెక్కి దిగింది. మొదటి మూడు రోజులు కాకా సగం తిన్నాడు. "ముఖంలో రంగు వచ్చింది బేటా, గుడ్డు పని చేస్తోంది" అనేది కాకీ. ఆ పాపానికి విరుగుడుగా తాను ఒక పూట తిండి మానేసింది. ఆయనలోకి పల్లీలు పోతుంటే, ఆమెలోంచి రొట్టెలు పోతున్నాయి. ప్రతిదానికీ ఒక జోకు ఉండే నా దగ్గర అప్పుడు ఒకటే మాట ఉండేది: "అవును కాకీ."

పదో రోజు పొద్దున ఊపిరి అందలేదు. మధ్యాహ్నానికి కాకా లేడు. ఆయన కూతురు భావ్‌నగర్ నుంచి రాలేకపోయింది. శ్మశానంలో టోకెన్ తీసుకుని, మా వంతు వచ్చేదాకా ఆమెకు వీడియో కాల్‌లో కనబడేలా ఫోన్ పైకెత్తి పట్టుకున్నాను. ఆ పిల్ల తన తండ్రికి ముందున్న ఐదుగురు తండ్రులను కూడా చూసింది.

తర్వాత డాక్టరును అడిగాను, గుడ్డు పెట్టి ఉంటే బతికేవాడా అని. ఊపిరితిత్తులే పోయాయి, గుడ్డుకూ పల్లీకీ అక్కడ తేడా లేదన్నాడు. నిజమే అయుండాలి. అయినా ఆ జవాబు ఇప్పటికీ నాకు సగమే అరుగుతుంది.

కింద కాకీ ఉపవాసాలు పెరిగాయి. ఒక పూట మానేసిన మనిషి, ఏకాదశులకు మంచినీళ్లు కూడా మానేసింది. గాజులు మోచేతి దాకా జారేవి.

"గిట్లయితే ఈమె గూడ పోతది. జెప్పుర్రి" అంది అమ్మ.

"నాకు మొకం లేదు" అన్నాడు బాపు. అబద్ధపు "అవును"లన్నీ నావే కాబట్టి నేనే దిగాను.

కాకీయే ముందు అడిగింది. "పైకి పోయాక ఆయనకు తెలిసిపోయి ఉంటుందా బేటా, గుడ్డు సంగతి?"

"గుడ్డు లేదు కాకీ. పల్లీలు, పనీర్."

"ఒక్కరోజు కూడానా?"

"ఒక్కరోజు కూడా."

పాపం దిగిపోయిందని ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. ఆమె నా చేతులకేసి చూసింది. "అంటే, డాక్టరు చెప్పిన ఆ ఒక్కటీ నేను పెట్టలేదన్నమాట" అంది.

ఉపవాసం ఆపలేదు. కారణం మారింది, అంతే.

బాపు ఇప్పుడూ ఆదివారాలు లింబాయత్ పోతాడు. అక్కడ తింటాడో లేదో నేను అడగలేదు, మెట్టు మీద అడిగే మనిషి లేడు. సోంపు మాత్రం నములుకుంటూనే వస్తాడు.

ఏకాదశి మర్నాడు అమ్మ ఖిచిడీ గిన్నె తీసుకుని కిందికి వెళుతుంది. కాకీ చెంచా ముట్టుకోదు. "ఏమేం వేశావు?" అని అడుగుతుంది. అమ్మ నిలబడి అన్నీ చెబుతుంది: బియ్యం, పెసరపప్పు, పల్లీలు, పసుపు, ఉప్పు. కాకీ మళ్లీ మొదటినుంచి చెప్పమంటుంది. అమ్మ మళ్లీ చెబుతుంది. అప్పుడు తింటుంది, రెండు చెంచాలు.