ఊఁ కొట్టేవాళ్లు

మహబూబాబాద్ నుంచి భూపాలపల్లి వెళ్లే బస్సులో పక్క సీటు అమ్మాయి జడ సవరించుకుంటుంటే చేతి మట్టిగాజులు గలగలమన్నాయి. నా నోట్లోంచి "ఊఁ" అని వచ్చేసింది. ఆ అమ్మాయి నన్ను పిచ్చిదాన్ననుకుని లేచి వేరే సీటుకు వెళ్లింది. నేను ఎం.ఏ. చదివిన సంగతి ఆమెకు తెలియదు పాపం. అయినా తప్పు నాది కాదు, మా నెల్లికుదురు గాజుల జైనబవ్వది.

జైనబవ్వ నెత్తిన గంపతో ఇంటింటికీ వచ్చి గాజులు తొడిగేది. తొడుగుతూ కథ చెప్పేది. చెరువుకు గండి పడితే సొంత ఇంటి తలుపులు ఊడదీసి అడ్డం పెట్టిన కుమ్మరి ముత్తవ్వ కథ నాకు ఇష్టం. వింటూ ఊఁ కొట్టడం మరిచానో, గాజు పిడికిలి దగ్గరే ఆగిపోయేది.

"ఊఁ అను బిడ్డా. ఊఁ అంటేనే చెయ్యి మెత్తగైతది. బిగబట్టినవంటే గాజు పలుగుతది, కథ పలుగుతది."

తర్వాత ఫ్యాన్సీ షాపులు వచ్చి గంప అటకెక్కింది. అడిగేవాళ్లు లేక అవ్వ కథలు ఒక్కొక్కటే మరిచిపోతున్నదని ఆమె కోడలు చెప్పింది. అప్పటికి నేను ఫోనుతో వీడియోలు తీసే పనిలో స్థిరపడ్డాను. మా అమ్మ దాన్ని పని అనేది కాదు. అన్నీ పోకముందే పట్టుకోవాలని ముత్తవ్వ కథ రికార్డు చేశాను. మధ్యలో నా ఊఁలన్నీ రొదలా ఉన్నాయని కత్తిరించి, వీణ సంగీతం కలిపాను. ఆ వీడియోను మా అమ్మ కూడా చూడలేదు.

అవ్వ మాత్రం చివరిదాకా చూసింది.

"గిండ్ల నేను ఎవలకు చెప్తున్ననే?"

"లోకానికి, అవ్వా."

"లోకం ఊఁ అంటలేదు గదా. గోడకు చెప్పినట్టున్నది. ఇగ నేను చెప్ప."

మిగిలిన కథలన్నీ ఆ ఒక్క మాటతో పోయేట్టున్నాయి. వారం బతిమాలాను. చివరికి అటకెక్కి గంప దించి, వాచీ తీసేసి, ఆమె ముందు చెయ్యి చాచి కూర్చున్నాను.

"దుడ్డుకర్ర లెక్కయింది గదనే చెయ్యి" అని పట్టుకుని, కథ మొదలుపెట్టింది. ఈసారి ఒక్క ఊఁ కూడా కత్తిరించలేదు.

వీడియో కింద ఎవరో "ఊఁ" అని రాశారు. దాని కింద తరిగొప్పుల నుంచి ఒకరు "ఊఁ". ఆ వరుస ఎంత జరిపినా తరగలేదు. టేకుమట్ల ఆవిడ ఒకరు, తమ దగ్గర చెప్పే కథలో ముత్తవ్వకు ఊరంతా కలిసి కొత్త తలుపులు చేయిస్తుందని రాసింది. అవ్వ కథలో ఆ ఇంటికి మళ్లీ తలుపులే ఉండవు.

"తప్పని రాయనా అవ్వా?"

"నీకేం పరేషాన్? ఆమె కథ ఆమెను చెప్పనీ. నువ్వు ఊఁ కొట్టు."

కొట్టాను. ఇంకొకరు ఇంకో కథ రాశారు, ఆ తర్వాత మరొకరు. చదివి వినిపిస్తే అవ్వ కళ్లు మూసుకుని ఊఁ కొడుతూ వినేది. "గిది నాకు తెల్వనే తెల్వది" అని మురిసిపోయేది. గుర్తున్నవన్నీ చెప్పేసి, తెలియనివి బోలెడు విని, ఓ చలికాలం పొద్దున వెళ్లిపోయింది. ఆ వీడియోల కింద ఊఁలు ఇంకా పడుతూనే ఉన్నాయి.

భూపాలపల్లిలో బస్సు దిగి, కథ చెబుతానని కబురంపిన ముసలమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె నా ఫోను వంక అనుమానంగా చూసింది.

"గిది ఊఁ అంటదా బిడ్డా?"

ఫోను గూట్లో నిలబెట్టి, ఆమె చేతికి నా చెయ్యి అందించాను.

"నేనంట అవ్వా. చెప్పు."