తుడుముకి ఒక వాటా

థింసా ఆటకి వెళ్లొస్తే డబ్బు పంచుకోవడానికి మా ఊళ్లో ఒక పద్ధతుంది. ఆడినవాళ్లకీ వాయించినవాళ్లకీ తలా ఒక వాటా, తుడుముకి ఒక వాటా. తుడుమంటే ఒకవైపే తోలు మూసిన మా పెద్ద వాయిద్యం. దాన్ని వాయించేది నేను. దాని వాటా దాచేది మా అప్ప, అంటే మా అక్క. తోలు చిరిగితే కొత్తది వేయించాలన్నా, పండక్కి దాని ముందు కోడిని కొయ్యాలన్నా అందులోంచే తీస్తాం. ఇంట్లో బియ్యం నిండుకున్నా ఆ డబ్బు ఎవరూ ముట్టుకోరు. ఆడవాళ్ల వరసకి ముందు నిలబడేది మా అప్పే కాబట్టి బేరం మాట్లాడేదీ తనే.

బేరాలు చాలా రకాలు చూశాం. మీటింగులకి పిలిచేవాళ్లు పొద్దుటినుంచి ఎండలో గెంతించి, బిర్యానీ పొట్లం చేతిలో పెట్టి, అదే కూలి అంటారు. ఉత్సవాలవాళ్లు శాలువా కప్పి ఫొటో తీయించుకుని, డబ్బులు బ్యాంకులో పడతాయంటారు. బ్యాంకు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరిగాక శాలువా ఒక్కటే మిగులుతుంది. వీళ్లందర్నీ తలదన్నినవాడు మాత్రం అరకు రిసార్టులో ఈవెంట్లు చూసే మేనేజరు.

ఆయనగారు విశాఖపట్నం నుంచి వచ్చారు. పొద్దు కొండ దిగినా నల్లద్దాలు తియ్యరు. పొగమంచుని కూడా తనే ఆర్డరిచ్చి తెప్పించినట్టు గెస్టులకి చూపిస్తారు. మైకులో మేం "మా ట్రైబల్ ఫ్యామిలీ". ఆ ఫ్యామిలీకి టీ మాత్రం వంటగది వెనకాల, అడుగంటిన గిన్నెలోంచి.

మొదటిసారి ఆట అయ్యాక వేలు చూపిస్తూ మమ్మల్ని లెక్కపెట్టాడు. సంతలో మేకల్ని కూడా ఇంతకంటే మర్యాదగా లెక్కపెడతారు. తలకి ఇంత అని ముందే అనుకున్నాం. మేం పన్నెండుమందిమి. అప్ప పదమూడు అంది.

"పదమూడో మనిషి ఎక్కడమ్మా?"

"మనిషి కాదు బాబూ, తుడుం. దానికీ ఓ వాటా ఉంటాది."

ఇంత తెలివితక్కువ మావాళ్లకే చెల్లింది. లోకం తెలిసినవాళ్లయితే తలకి రేటు కాస్త పెంచి అడిగి, తుడుము సంగతి కడుపులో దాచుకునేవాళ్లు. మావాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు. ఆయన పగలబడి నవ్వాడు. "దానికి ఆధార్ కార్డు ఉందా?" అన్నాడు. ఆ జోకు ఆయనకే ఎంతగా నచ్చిందంటే, కుర్చీ కుర్చీకీ వెళ్లి గెస్టులకి చెప్పుకుని మురిసిపోయాడు. తర్వాత "దొంగ లెక్కలు నా దగ్గర కాదు" అని పన్నెండుమందికే ఇచ్చి పొమ్మన్నాడు. దారిలో మేమే తలా కొంత తీసి తుడుము వాటా కట్టాం. ఆ సీజనంతా అలాగే కట్టాం. అందరూ ఇవ్వగలిగింది కొంచెమే. మంచుకి తడిసి, నిప్పుల సెగకి ఆరి, తోలు ఒక అంచున చీలింది.

ఇంతలో ఆ మేనేజరు బుర్రలో ఇంకో ఆలోచన పుట్టింది. మేం వాయిస్తుంటే రికార్డు చేయించుకుని, "ఇకనుంచి లేడీస్ వస్తే చాలు, మ్యూజిక్ మా దగ్గరుంది" అని కబురు పంపాడు. నా వాయింపుతోనే నా నోటి దగ్గర కూడు లాక్కున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లొద్దని అప్పతో అన్నాను.

"ఎల్లకపోతే తుడుంకి తోలు ఏటెట్టి ఏయిత్తావురా?" అంది.

నేనూ వెంట వెళ్లాను.

నిప్పు చుట్టూ కుర్చీలు వేసున్నాయి. తుడుము పెట్టే చోట స్టూలు మీద నల్లటి స్పీకరు పెట్టారు. ఆడవాళ్లు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు కలిపి వరస కట్టారు. మేం తుడుముకి మొక్కిగానీ కాలు కదపం. అప్ప అలాగే నిలబడిపోయింది.

"స్టార్ట్ చెయ్యమ్మా, గెస్టులు వెయిటింగ్."

"దేనికి మొక్కమంతావు బాబూ? ఈ డబ్బాకా?"

"అందులో వచ్చేది మీ తమ్ముడు కొట్టిందే కదా!"

"మా తుడుమే అయితే దాని వాటా ఇయ్యి. బేగి ఇయ్యి, ఆడతాం."

గెస్టులు అప్పటికే ఫోన్లు ఎత్తిపట్టుకున్నారు. అంతమందిలో పిసినారి అనిపించుకోవడం ఇష్టంలేక ఆయన జేబులోంచి ఒక నోటు తీసి స్పీకరు మీద పెట్టాడు. చేతులు జోడించి కళ్లు కూడా మూసుకున్నాడు. "ఇది ట్రైబల్ కస్టమ్ అండీ, డ్రమ్‌కి కానుక పెడితేనే డాన్స్" అని మైకులో చెప్పాడు. చప్పట్లు మోగాయి. ఒకాయన లేచి ఇంకో నోటు పెట్టి సెల్ఫీ తీసుకున్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ వరస కట్టారు. స్పీకరు మీద నోట్లు పేరుకున్నాయి.

చెప్పొద్దూ, నాకు సంతోషం వేసింది. కొత్త తోలు వచ్చేసినట్టే అనుకున్నాను. ఆడవాళ్లు మొక్కి ఆడారు. వరసలో ఒక ముసలామె ఉంది. ఆమె అడుగు తడబడితే నేనైతే దెబ్బ నెమ్మది చేసేవాణ్ణి. స్పీకరు తన దారిన తను మోగుతూ పోయింది. ఆమె రెండుసార్లు తూలింది. గెస్టులు అదీ ఆటే అనుకుని చప్పట్లు కొట్టారు.

ఆట అయ్యాక ఆయన ఆడవాళ్ల తలలు లెక్కపెట్టి కూలి ఇచ్చాడు. స్పీకరు మీది నోట్లు పేర్చి తన జేబులో పెట్టుకున్నాడు. అప్ప చెయ్యి చాచింది.

"అయి తుడుం వాటా బాబూ."

"వాయించినదానికే కదమ్మా వాటా?" అని స్పీకరుని ముద్దుగా తట్టాడు. "వాయించింది ఇది. ఇది నాది."

ఇప్పుడు ఆ కానుక ప్యాకేజీలో ఒక ఐటమ్. మా తుడుము చీలిన తోలుతో ఇంట్లో బోర్లా పడుంది. మావాళ్లు ప్రతి సాయంత్రం వెళ్లి ఆ డబ్బాకి మొక్కి ఆడుతున్నారు. మొక్కడం మరిచిపోతే కూలిలో కోత.